విధవరాలి నూనె కుండయు, కార్డు అప్పును

వాక్యపాఠము: 2 రాజులు 4:1-7, నెహెమ్యా 5:1-13

ఈ నెల పాఠము చదువుటకు ముందు పై రెండు వాక్యభాగములను ఇంటిల్లిపాదియు కూర్చుండి ఒకమారు పైకి చదువుడి.

ఈ పాఠము అప్పును గూర్చినది. పంట అప్పు, చీటీల బాకీ, డ్వాక్రా అప్పు, ప్రోనోటు అప్పు – వీటి సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. అయితే మన పల్లె కుటుంబములలోనికి ఇటీవలి కాలమున క్రొత్తగా ప్రవేశించిన అప్పు ఒకటి కలదు. అది క్రెడిట్ కార్డు అప్పు. కార్డు పట్నములో ఉద్యోగము చేయు కుమారుని జేబులో ఉండును. బిల్లు అతని ఫోనునకు వచ్చును. ఊరిలోనున్న తల్లిదండ్రులకు ఏమియు తెలియదు. తెలిసిన నాటికి అర ఎకరము బేరమునకు పెట్టవలసి వచ్చును. అందుచేత ఇది పట్నపు సంగతి, మనకెందుకని ఎవరును పేజీ త్రిప్పవద్దు.

మరియొక మాట. రైతులకు బ్యాంకులిచ్చు కిసాన్ క్రెడిట్ కార్డును దీనితో కలుపవద్దు. అది 1998లో మొదలైన పంట రుణము. 3 లక్షల వరకు ఏడాదికి 7 శాతము వడ్డీ. గడువులోగా చెల్లించిన రైతునకు 4 శాతమే పడును. పేరులో పోలికయే గాని గుణములో పోలిక లేదు.

ఇక వాక్యమునకు వత్తము. ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయెను. అతడు దేవునికి భయపడినవాడని అతని భార్యయే ఎలీషా యెదుట సాక్ష్యమిచ్చెను, ఎలీషా కాదనలేదు. అట్టి భక్తుడును అప్పులోనే కన్నుమూసెను. కావున అప్పుపడినవానిని చూచి, వీడు తాగెను, జూదమాడెను, ప్రార్థన మానెను అని వెంటనే తీర్పు తీర్చువారు ఈ మొదటి వచనమును రెండుమారులు చదువుట మంచిది. జబ్బు చేసి ఆసుపత్రిపాలైనవారును, చెల్లెలి పెండ్లికి పూనుకొన్నవారును, జీతము ఆగిపోయినవారును అప్పులో పడుచున్నారు. కొందరు నిజముగనే కనబడినదెల్ల కొనుటచేత పడుచున్నారు, అదియు నిజమే. గోతిలో పడినవానిని ముందు పైకి లాగి, ఎట్లు పడితివని తరువాత అడుగవచ్చును.

ఆ స్త్రీ చేసిన మొదటి పని యేది? ఆమె మొఱ్ఱపెట్టెను. నా భర్త పోయెను, అప్పులవాడు వచ్చెను, నా యిద్దరు పిల్లలను దాసులుగా కొనిపోవ నిలిచియున్నాడు అని దైవజనుని యెదుట దాచక చెప్పెను. మర్యాద పోవునని ఊరకుండినయెడల పిల్లలు పోయియుందురు. కార్డు అప్పునకు బలము దాపరికములోనే యున్నది. ప్రోనోటు వ్రాయవలెనన్న సాక్షి కావలెను. పొలము తాకట్టు పెట్టవలెనన్న ఇంటిలో మాట పుట్టును. కార్డు గీయుటకు ఎవరును ఎరుగనక్కరలేదు. భర్త చేసినది భార్య ఎరుగదు, కుమారుడు చేసినది తండ్రి ఎరుగడు. కనుక విడుదలకు మొదటి మెట్టు నోరు తెరచుటయే. కుమారుడా, ఈ ఆదివారము ఇంటికి వచ్చినప్పుడు నాన్నగారితో చెప్పుము. తండ్రులారా, అతడు చెప్పిన గడియలో చేయి ఎత్తవద్దు, పదిమందిలో పరువు తీయవద్దు. ఆ గడియ పాడైనయెడల అతడు మరల నోరు తెరువడు.

ఈ అప్పు ఎట్లు పెరుగునో పల్లె లెక్కలో చెప్పెదము. మనము వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకొందుము. రూపాయి వడ్డీ ధర్మవడ్డీ అందుము. రెండు రూపాయలన్న ఎక్కువ అందుము. మూడు రూపాయలకు ఇచ్చువానిని వడ్డీ రాక్షసుడందుము. చాల బ్యాంకుల కార్డులమీద బాకీ నిలిచినయెడల పడు వడ్డీ నెలకు 3 మొదలు 3.75 రూపాయల వరకు ఉన్నది. అనగా ఏడాదికి 36 మొదలు 45 శాతము. దానిమీద 18 శాతము జీఎస్టీ వేరు. చల్లని గదిలో కూర్చుండి చక్కని మాటలతో ఇచ్చుటచేత దానిని మనము రాక్షసవడ్డీ అని పిలువము, అంతే.

బిల్లు మొత్తము గడువులోగా కట్టినవానికి వడ్డీ లేదు. కార్డుకంపెనీ ఆ మాట చెప్పియే కార్డు ఇచ్చును. అది అబద్ధము కాదు. అయితే బిల్లులో రెండు అంకెలుండును: మొత్తము బాకీ ఒకటి, కనీసము కట్టవలసిన సొమ్ము ఒకటి. రెండవదానిని మినిమం డ్యూ అందురు. అది తరచుగా బాకీలో 5 శాతము. చిక్కంతయు ఆ చిన్న అంకెలోనే యున్నది.

ఒకనికి లక్ష రూపాయల కార్డు బాకీ యున్నదనుకొందము. వడ్డీ మూడున్నర రూపాయలు. ఒక నెలకు వడ్డీ 3,500, దానిమీద పన్ను 630, వెరసి 4,130. బాకీ 1,04,130 ఆయెను. అందులో 5 శాతము 5,206 కట్టెను. మిగిలిన బాకీ 98,924. అయిదు వేలకు పైగా కట్టినను అసలు తగ్గినది 1,076 మాత్రమే. ఇట్లే క్రొత్తగా ఒక్క రూపాయి వాడక, ప్రతినెలయు కనీసపు సొమ్మే కట్టుచు ఏడాది గడపినయెడల, కట్టినది సుమారు 58,900. అసలు తగ్గినది సుమారు 12,200. తక్కిన 46,700 వడ్డీకిని పన్నుకును పోయెను. బాకీ తగ్గిన కొలది కనీసపు సొమ్మును తగ్గుచుండును గనుక, లక్ష బాకీ పదివేలకు దిగుటకు పదునేడేండ్లు దాటును. తొట్టిలోని బిడ్డ కాలేజీకి పోవునంత కాలము. కనీసపు సొమ్మే కట్టినయెడల బాకీ ఏండ్ల తరబడి సాగునని బిల్లుమీదనే అచ్చువేసి యుందురు. ఆ సన్నని అక్షరములు చదువువారు అరుదు.

ఇంకొక సంగతి. పాత బాకీ నిలిచియుండగా కార్డుతో కొన్న క్రొత్త వస్తువునకు ఉచితపు రోజులుండవు. కొన్న దినమునుండియే వడ్డీ మొదలగును. కార్డు పెట్టి ఏటీఎమ్‌లో నగదు తీసినయెడల బాకీ ఉన్నను లేకున్నను ఆ దినమునుండియే వడ్డీ, పైగా రుసుము.

నెహెమ్యా దినములలో జరిగినదానిని చూడుడి. కరవు వచ్చినప్పుడు యూదులు ధాన్యము కొరకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువపెట్టిరి. రాజుగారి పన్ను కట్టుటకు అప్పుచేసిరి. పిల్లలను దాసులుగా అప్పగించు గతికి వచ్చిరి. నెహెమ్యా మిక్కిలి కోపపడి, తనలో తాను ఆలోచించుకొని, పెద్దలను సమాజములో నిలువబెట్టి గద్దించెను. తీసికొన్న భూములతో కూడ నూరవ భాగమును మరల ఇయ్యుడనెను. ఆ నూరవ భాగము నెలకు నూటికి ఒకటి అని అనేకులైన వ్యాఖ్యాతలు చెప్పుదురు. అనగా మన రూపాయి వడ్డీ! మనము ధర్మవడ్డీ అని పేరుపెట్టినదానికే నెహెమ్యా కోపపడెను. మన సంఘములలోను వడ్డీకి ఇచ్చు పెద్దలున్నారు. ఆదివారము ముందు వరుసలో కూర్చుండుచున్నారు. వారిని గూర్చి ఇంతకంటె వ్రాయము; 5వ అధ్యాయము వారే చదువుకొందురు గాక.

విధవరాలితో ఎలీషా, నీ యింట ఏమున్నదో చెప్పుమనెను. మొదట ఆమె ఏమియు లేదనెను, పిమ్మట నూనె కుండ ఒకటి కలదనెను. అప్పులోనున్నవారందరును మొదట ఆ మాటయే అందురు. కావున ఒక నోటుపుస్తకము తెచ్చుకొనుడి. ఒక పుటలో అప్పులన్నియు వ్రాయుడి: ఎవరికి, ఎంత అసలు, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ, నెలకు ఎంత కట్టుచున్నారు. ఫోనులో తీసికొన్న యాప్ అప్పును, బావమరిదియొద్ద చేబదులును విడువవద్దు. ఎదుటి పుటలో ఇంట ఉన్నది వ్రాయుడి: జీతము, పాలడబ్బు, కూలి, బీరువాలోని బంగారము, అమ్మదగిన గొఱ్ఱెలు, చిట్టిలో కట్టిన సొమ్ము, తవణలమీద కొని వాకిట నిలిపిన మోటారుసైకిలు. ఈ పని ఒక రాత్రిలో కాదు. వ్రాయుచుండగా కన్నీరు వచ్చును. రానిండు.

వ్రాసిన పిదప వడ్డీ ఎక్కువదేదో చూడుడి. మన అలవాటేమనగా, వాకిటికి వచ్చి కేకలు వేయువానికి ముందు కట్టుదుము. లెక్క ప్రకారము అన్నిటికిని కట్టవలసిన కనీసము కట్టి, మిగిలిన ప్రతి రూపాయియు వడ్డీ అధికముగానున్న అప్పునకే వేయవలెను. సాధారణముగా అది కార్డే, లేదా ఫోను యాప్.

మనము పైన చెప్పిన లక్ష బాకీనే మరల చూతము. కనీసపు సొమ్ము తగ్గుచున్నను తాను తగ్గింపక, నెలనెల 5,200 తప్పక కట్టినయెడల పదునేడేండ్లు కాదు, 39 నెలలలో ముగియును. అయినను మొత్తము రెండు లక్షలు దాటి కట్టినట్లగును. అదే లక్షను రూపాయి వడ్డీకి దొరకు అప్పుతో తీర్చివేసి, దానికి నెలకు అదే 5,200 కట్టినయెడల 22 నెలలలో ముగియును; మొత్తము కట్టునది 1,12,000కు లోపల. ఒకే మనిషి, ఒకే జీతము, నెలకు ఒకే సొమ్ము. భేదము తొంబది వేలు. కావున తక్కువ వడ్డీ అప్పుతో ఎక్కువ వడ్డీ అప్పును తీర్చుట బుద్ధిగల పని. బ్యాంకులో బంగారముమీద అప్పు ఒక మార్గము. కార్డు బ్యాంకునే అడిగి బాకీని తక్కువ వడ్డీగల తవణలుగా మార్పించుకొనుట ఇంకొకటి. ఆ వడ్డీ ఎంతో, రుసుము ఎంతో వ్రాతలో తీసికొనుడి. బంగారము విషయమై ఒక హెచ్చరిక: ఇల్లాలి వస్తువు ఇల్లాలిది. ఆమె మనసార ఇచ్చినగాని తాకవద్దు. మరియు గడువు తప్పినయెడల వేలము వేయుదురని మరువవద్దు.

ఇది చేసినవారిలో అనేకులు మరల పడుట ఎందువలన? పాత కార్డు ఖాళీ ఆయెను గదా అని మరల గీసిరి గనుక. ఇప్పుడు అప్పులు రెండాయెను. కనుక తీర్చిన దినముననే కత్తెర తీసికొనుడి. పట్నములలో రొటేషన్ అనునది ఒకటి కలదు. ఒక కార్డును దుకాణములో గీయించి, నూటికి రెండో మూడో కమీషను ఇచ్చి నగదు తీసికొని, దానితో మరొక కార్డు బిల్లు కట్టుదురు. మరుసటి నెల దీనితో దానిని. చిల్లికుండతో చెఱువు తోడినట్లే.

ఎలీషా ఆమెతో, నీవును నీ కుమారులును లోపలికి పోయి తలుపు మూసికొనుడనెను. కుమారులు పాత్రలు అందించిరి, తల్లి పోసెను. పిల్లలకు తెలియకుండ జరిగిన పని కాదది. మన యిండ్లలోను ఈ రెండేండ్లు తలుపు మూయవలసిన ఏండ్లు. ఈ క్రిస్మసునకు క్రొత్త బట్టలు లేవని పిల్లలతో ముందుగనే, నెమ్మదిగా, కారణముతో చెప్పుడి. పిల్లలు మనమనుకొన్నదానికంటె పెద్ద మనసుగలవారు. గృహప్రతిష్ఠకు ఊరంతటికి బిరియాని పెట్టుటకు అప్పు చేయవద్దు. పెండ్లికి వచ్చినవారు పప్పన్నము తిని దీవించినను ఆ దీవెన దేవుని యొద్దకు చేరును.

ఇచ్చట సంఘమునకు పని యున్నది. ఆ స్త్రీకి నూనె తన యింటనే యుండెను గాని పాత్రలు లేవు. పాత్రలు ఇరుగుపొరుగువారివి, అవి ఇయ్యనియెడల అద్భుతము ఒక కుండతోనే ఆగియుండును. ఎన్ని పాత్రలు వచ్చెనో అంత నూనె. మన సంఘములో ఒక కుటుంబము తలుపు మూసికొని అప్పు తీర్చుకొనుచున్నప్పుడు మనమియ్యగల పాత్రలెవ్వి? వారి బిడ్డకు పాత పుస్తకములు. కోతలకు మాటుపని. విందునకు రాలేదని, కానుక తేలేదని అలుగకుండుట. వడ్డీ లేని కొద్దిపాటి చేబదులు, తిరిగి రాకపోయినను మన యింట పొయ్యి ఆరనంత మాత్రమే. హామీ సంతకము మాత్రము చేయవద్దు. సామెతలు 6వ అధ్యాయపు మొదటి అయిదు వచనములు చదువుడి. పొరుగువానికి పూటపడినవాడు వేటకాని చేతిలోని లేడివలె తప్పించుకొనవలెనని జ్ఞాని చెప్పుచున్నాడు. జాలిపడి సంతకము చేసి రెండు కుటుంబములు మునిగిన సంగతులు ప్రతి ఊరిలోను ఉన్నవి.

దశమభాగము మాటేమని కొందరు అడుగుదురు. మా అభిప్రాయము దాచక చెప్పెదము. ఇతరునికి చెల్లవలసినదానిని తెచ్చి కానుకపెట్టెలో వేసిన దేవుడు సంతోషించునని మేము చెప్పజాలము. తలిదండ్రులకు చెందవలసినదానిని దేవార్పితమని చెప్పి తప్పించుకొన్నవారిని ప్రభువు గద్దించెను (మార్కు 7:9-13). ఒకనికి కలిగినదానినిబట్టి యిచ్చునది అంగీకారమని, లేనిదానినిబట్టి కాదని పౌలు వ్రాసెను (2 కొరింథీ 8:12). కొద్దిగా ఇయ్యుడి, అప్పుచేసి ఇయ్యవద్దు. విత్తనము వేయుము, అప్పు మాయమగునని సభలలో చెప్పువారున్నారు. ఎలీషా ఆమెయొద్ద కానుక అడుగలేదు. నూనె అమ్మి అప్పు తీర్చుమనెను.

కట్టలేకపోవుట వేరు, కట్టకూడదని తలంచుట వేరు. అప్పు తీసికొని తీర్చనివాడు భక్తిహీనుడని 37వ కీర్తన చెప్పునది రెండవవానిని గూర్చి. కట్టలేనివాడు ఫోను ఆపివేసి దాగవద్దు. బ్యాంకునకు తానే పోయి, ఇంత జీతము, ఇంత కట్టగలనని వ్రాసియియ్యవలెను. కొంత తగ్గించి సెటిల్‌మెంటు చేయుదురు. అట్లు చేసినట్లు రుణచరిత్రలో నమోదగును, మరల అప్పు దొరకుట కష్టమగును. కొన్నాళ్లు అప్పు దొరకకుండుట మనవంటివారికి కీడు కాదేమో. లోక్ అదాలత్తులో రాజీ పడవచ్చును. అచ్చట కోర్టు ఫీజు లేదు.

వసూలుకు వచ్చువారికిని హద్దులున్నవి. ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 గంటల తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఉత్తరువిచ్చెను. తిట్టరాదు, బెదరింపరాదు, బంధువుల యెదుట అవమానపరచరాదు. అట్లు చేసినయెడల ముందు బ్యాంకునకు వ్రాతమూలముగా ఫిర్యాదు చేయుడి. 30 దినములలో సరియైన జవాబు రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చును, రుసుము లేదు. వివరములకు ఫోను 14448. అప్పుపడుట మాత్రమే నేరము కాదు, దానికై పోలీసులు పట్టుకొనిపోరు. అయితే ఇచ్చిన చెక్కు చెల్లక తిరిగివచ్చిన అది నేరపు కేసగును. గనుక ఖాతాలో సొమ్ము లేక చెక్కు వ్రాయవద్దు.

2010లో మన రాష్ట్రములో మైక్రోఫైనాన్సు అప్పుల వసూలు ఒత్తిడికి తాళలేక ప్రాణములు తీసికొన్న స్త్రీల సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. ఆ యేడు అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చునంతవరకు సంగతి వచ్చెను. ఇప్పుడు ఫోను యాపుల వలన యౌవనస్థులు అట్లే నలుగుచున్నారు. అట్టి తలంపు కలిగినవారెవరైన ఇది చదువుచున్నయెడల, ఈ రాత్రియే మీ పాస్టరుగారి తలుపు తట్టుడి, లేదా 14416కు ఫోను చేయుడి. అది ప్రభుత్వము వారి టెలి-మానస్. తెలుగులో మాటలాడుదురు, డబ్బు అడుగరు. పాస్టరుగారలారా, ఆ రాత్రి వాక్యము చెప్పుటకు ముందు అన్నము పెట్టుడి.

నూనె నిండిన పిదప ఆమె తానే సొంత నిర్ణయము చేయక మరల దైవజనుని యొద్దకు వచ్చెను. అతడు, అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడని చెప్పెను. ముందు అప్పు, తరువాత బ్రదుకు. ఎరవు తెచ్చిన పాత్రలను ఆమె తిరిగి ఇచ్చెనా అని బడిపిల్లలు అడుగుదురు. వాక్యములో లేదు గాని, ఇచ్చియుండుననియే మా తలంపు.

కార్డు అప్పు తీరిన దినమున చేయవలసిన పనులు రెండు. బ్యాంకునుండి బాకీ లేదను పత్రము తీసికొని, కార్డు మూసివేయుడని వ్రాసియియ్యుడి. బాకీ లేనియెడల 7 పనిదినములలో మూయవలెను. ఆలస్యమైన ప్రతి దినమునకు 500 రూపాయల చొప్పున వారే మీకియ్యవలెనని రిజర్వు బ్యాంకు 2022లో నియమించెను. రెండవది, నెలనెల కట్టుటకు అలవాటైన ఆ 5,200లో కొంతయైన, అదే తేదీన, ఊరి పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ పుస్తకము తెరచి అందులో వేయుడి. పుస్తకము ఇల్లాలి పేర నుండిన మేలు.